సంచులు చాలు, బొంతల సంగతి చూడండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థల ముఖ్య కార్యనిర్వహణాధికారులకు బహిరంగ లేఖ



మహిళా సంఘాలు కుట్టిన సరుకును మేళాల్లో స్టాలు వెనక కూర్చుని అమ్మిపెట్టేవాళ్లలో నేనొకదాన్ని. సరస్ మేళా కానివ్వండి, జిల్లా కేంద్రంలో పెట్టే డ్వాక్రా బజారు కానివ్వండి, కుట్టుపని స్టాళ్ల వరస వెంట నడిస్తే కనిపించేది ఒకటే సరుకు: గుడ్డ సంచి, సెల్‌ఫోను పర్సు, కాళ్లు తుడుచుకునే పట్టా, సోఫా దిండు గలీబు. ఊళ్లు వేరు, సంఘాలు వేరు, సరుకు మాత్రం ఒకే బల్ల మీద కత్తిరించినట్టు ఉంటుంది. ఇందులో కుట్టేవాళ్ల తప్పేమీ లేదు. శిక్షణలో ఏది నేర్పితే అది కుడుతున్నారు. నేర్పినామె తనకు వచ్చింది నేర్పింది. ఏం కుడితే గిడుతుంది అన్న ప్రశ్న మాత్రం ఎవరి వంతుకూ రాలేదు. ఆ ప్రశ్న మీ ముందు పెట్టడానికే ఈ ఉత్తరం.

కుట్టుమిషన్లు పంచడంలో మన రెండు రాష్ట్రాలకూ కొరత లేదు. ప్రభుత్వం పెద్ద పని ఇచ్చినప్పుడు సంఘాలు చేసి చూపించాయి కూడా. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలనుకుంటే, కుట్టే పని సంఘాల చేతికే ఇచ్చారు. 2024లో తెలంగాణలో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు సంఘాల మహిళలు కుట్టారు. మంచిదే. అయితే ఆ పనుల్లో కొనేవాడు ముందే ఉన్నాడు, కొలత ముందే ఉంది, కూలి ముందే రాసి ఉంది. మాస్కుల అవసరం తీరగానే మిషన్లు మూలకు చేరాయి. ఆర్డరు ఉన్న పని వేరు, ముక్కూ మొహం తెలియని కొనుగోలుదారు కోసం కుట్టి పెట్టే సరుకు వేరు. రెండోదానికి ఎంపిక కావాలి. మీ శిక్షణ పాఠాల్లో దానికి చోటు లేదు.

ఎంపిక ఎక్కడ మొదలవ్వాలంటే, గంటల దగ్గర. కుట్టే మనిషి గంటకు ఎంత? ఈ ఒక్క అంకె లేకుండా ధర వేస్తున్నారు కాబట్టే మన స్టాళ్లలో ధరలు గుడ్డ ఖర్చు మీద పది, ఇరవై కలిపి వేసినట్టుంటాయి. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మట్టి పనికి ప్రభుత్వమే ఒప్పుకున్న కూలి కన్నా సూదిపనికి తక్కువ పడకూడదు కదా. ఆ లెక్కన ఒక బొంత ధర కట్టి చూద్దాం.

ఇద్దరు కప్పుకునేంత బొంత, చేత్తో, దగ్గర దగ్గర వరసల్లో కుడితే పది పనిదినాలు పడుతుందనుకోండి. కూలే 3,070. కొత్త గుడ్డ, లోపలి పొర, దారం కలిపి ఇంకో 900. రానుపోను చార్జీలు, స్టాలు ఖర్చు, అమ్మిపెట్టినవాళ్ల వాటా కింద అమ్మకం ధరలో 30 శాతం పోతుందనుకుంటే, బొంత 5,670 దాటితే తప్ప కుట్టినామెకు కూలి గిట్టదు. మిషన్ మీద కుట్టిన జైపూర్ రజాయి అంతకంటే చాలా తక్కువకే పక్క స్టాల్లో వేలాడుతుంటుంది. కొనడానికి వచ్చినామె రెండూ ముట్టుకుని చూస్తుంది, మన బొంతను మెచ్చుకుంటుంది, రజాయి కొనుక్కుని వెళ్తుంది. ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. అలాంటి బొంతలు పది కుట్టించి మేళాకు పంపడం అంటే వంద రోజుల కూలిని మూట కట్టి మళ్లీ ఇంటికి తెచ్చుకోవడమే.

మరి బొంత వద్దా? కావాలి. అన్నిటికన్నా ముందు అదే కావాలి. కానీ నిల్వ సరుకుగా కాదు, ఆర్డరు మీద.

బొంత మన ఇళ్లలో ఎప్పుడూ దుకాణం సరుకు కాదు. ఇంట్లో పాతబడిన నేతచీరలు, పంచెలు నాలుగైదు పొరలు పరిచి, చుట్టూ కచ్చాకుట్టు వేసి, అంచు నుంచి లోపలికి వరసలు కుట్టుకుంటూ వచ్చేవారు. కుట్టడం రానివాళ్లు, తీరిక లేనివాళ్లు వీధిలోకి వచ్చిన బొంతలు కుట్టేవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, తమ చీరలే ఇచ్చి కుట్టించుకునేవారు. గుడ్డ ఇంటివాళ్లది, చెయ్యి వచ్చినామెది. అమ్మకానికి ఇంతకంటే మంచి పద్ధతి ఈరోజుకీ నాకు కనిపించలేదు. దీనికి కారణం కూడా ఉంది. మనవాళ్లు పరాయివాళ్లు కట్టి విడిచిన బట్ట కొనరు, అదీ పసిబిడ్డకు అసలే కొనరు. కానీ సొంత అమ్మమ్మ కట్టి మెత్తబడ్డ చీర అయితే అదే బిడ్డకు మొదటి పక్క అవుతుంది. పాత గుడ్డ మెత్తన, రంగు దిగదు, గుంజుకుపోదు. ఉతికి ఉతికి ఆ పని ఎప్పుడో అయిపోయింది. పాత గుడ్డతో కుట్టి అమ్మలేము, కొత్త గుడ్డతో కుడితే ఆ మెత్తదనం రాదు. ఈ చిక్కుకు జవాబు కొనేవాళ్ల బీరువాలోనే ఉంది.

ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ, ప్రతి అపార్ట్‌మెంటులోనూ పోయిన అమ్మ చీరలు బీరువాలో పెట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చున్నవాళ్లున్నారు. కట్టుకోలేరు, ఇచ్చేయలేరు. వాళ్ల దగ్గర చీరలు తీసుకుని, సగం డబ్బు ముందు పుచ్చుకుని, నెలా రెండు నెలల్లో బొంత కుట్టి ఇచ్చే ఏర్పాటు మీ సంఘాలకు ఉంటే చాలు. లెక్క తిరగేసి చూడండి: కూలి 3,070, దారం, అడుగుగుడ్డ కలిపి 300. అమ్ముడుపోకుండా మిగలడం లేదు, గుడ్డ మీద పెట్టుబడి లేదు, స్టాలు ఖర్చు లేదు. నాలుగు వేలు చెప్పినా కుట్టినామెకు పూర్తి కూలి పోగా సంఘానికి ఏదో కొంత మిగులుతుంది. పైగా ఇక్కడ జైపూర్ రజాయితో పోటీ లేదు. ఆ అమ్మ చీర ఇంకెక్కడా దొరకదు.

ఈ పనికి క్రమశిక్షణ కావాలి, అది మాత్రం మీ వైపు నుంచే రావాలి. తీసుకున్న చీరలకు ఫొటో తీసి రసీదు ఇవ్వాలి. సిల్కు, సింథటిక్, నూలు విడదీయాలి. మూడూ కలిపి కుడితే మొదటి ఉతుకులోనే ఒకటి ముడతపడి ఒకటి పడకుండా ఉండిపోతుంది. చివికిన గుడ్డ లోపలి పొరకు పోవాలి, గట్టిది పైకి రావాలి. జరీ అంచులు గీరుకుంటాయి కనుక ఒంటికి తగిలే వైపు పెట్టకూడదు. పాడైతే ఎవరిది బాధ్యతో ముందే రాసి ఉండాలి, ఎందుకంటే ఆ చీరకు బదులు చీర కొనివ్వలేం. ఇవన్నీ బొంతలు కుట్టే పెద్దవాళ్లకు తెలిసినవే. వాళ్లను శిక్షకులుగా పిలవండి. సర్టిఫికెట్ లేదని పక్కన పెట్టకండి.

ఆర్డర్ల మధ్య చేతులు ఖాళీగా ఉండకూడదు, నెల నెలా నాలుగు రూపాయలు కనిపించాలి కదా అంటారు. నిజమే. అందుకే చిన్న వస్తువులు. చిన్నదైతే ఏదైనా సరే అనుకోవడం దగ్గరే మనం దెబ్బతింటున్నాం. నా అనుభవంలో చిన్న వస్తువుకు పరీక్ష ఒకటే: మిల్లు దీన్ని ఇంతకంటే చవగ్గా చేయగలదా? చేయగలిగితే వదిలేయండి. కాళ్లపట్టాలు వదిలేయండి, రోడ్డు పక్కన మిల్లు వ్యర్థాలతో చేసినవి గుట్టలుగా అమ్ముతున్నారు. ఫోను పర్సులు వదిలేయండి, ఫోను కొలత ఏడాదికోసారి మారుతుంది, కుట్టి పెట్టినవి మిగిలిపోతాయి.

గుడ్డ సంచుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2022 జూలై 1 నుంచి దేశంలో కొన్ని రకాల ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించారు, ఆ ఏడాది చివరికి 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ సంచులూ కుదరదన్నారు. ఇక గుడ్డ సంచులకు తిరుగులేదని అందరం అనుకున్నాం. జరిగింది వేరు. గుడ్డలా కనిపించే నాన్‌వోవెన్ సంచి బజారంతా పరుచుకుంది. అది గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. దుకాణదారుడికి కావలసింది నాలుగైదు రూపాయల సంచి. నేతగుడ్డతో కుట్టిన సంచి ఆ ధరకు ఎన్నటికీ రాదు. కాబట్టి దుకాణానికి సంచులు అమ్మే ఆలోచన మానుకోండి.

సంచి నిలబడే చోటు ఇంకొకటి ఉంది. తాంబూలం. పెళ్లి, గృహప్రవేశం, సీమంతం, ఓణీల ఫంక్షను, ఏదైనా రెండు వందల మందికి తక్కువ కాకుండా చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి. అక్కడ సంచి ధర పెళ్లి ఖర్చులో లెక్కకు రాదు, చూడ్డానికి బాగుండటం లెక్కకు వస్తుంది. జాకెట్టు ముక్కల అతుకులతో, తాడు లాగితే మూసుకునే సంచులు రెండు వందలు ఒకేసారి ఆర్డరు వస్తాయి. దీనికి కావలసింది పంచాంగం. మూఢం ఎప్పుడు, శ్రావణం ఎప్పుడు, మాఘ ఫాల్గుణాల్లో ముహూర్తాలు ఎన్ని, అవి చూసి పని వేసుకోవాలి. ఆషాఢంలో కూర్చుని కుడితే శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం తాంబూలాలకు అందుతాయి. మన మేళాల తేదీలు మాత్రం బడ్జెట్టు నిధులు విడుదలైన రోజుని బట్టి ఖరారవుతాయి. శుక్రమూఢంలో తాంబూలం సంచులు పెట్టుకుని కూర్చుంటే ఎవరొస్తారు?

మసిగుడ్డలు ఇంకొకటి. నవ్వకండి. పొయ్యి మీది గిన్నె దించడానికి చిరిగిన బనీను ముక్కే వాడతాం ఇప్పటికీ. నాలుగు పొరల నూలుగుడ్డ, అంచుకు పైపింగ్, తగిలించుకోడానికి ఒక ఉంగరం వేసి బొంతకుట్టు కుడితే జత గంటన్నర పని. అదే ఉపాధి కూలి లెక్కన 58, గుడ్డ టైలరు పీలికలే కాబట్టి దాదాపు ఉచితం, అమ్మకం ఖర్చులన్నీ వేసుకున్నా 110, 120 రూపాయలకు గిడుతుంది. కొనే చెయ్యి వెనకాడని ధర అది. ఒక్కటే షరతు, లోపల పాలిస్టర్ దూది గానీ, పైన సింథటిక్ ముక్క గానీ ఉండకూడదు. వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. శిక్షణలో ఈ మాట తప్పకుండా చెప్పించండి. టైలర్ దుకాణాల నుంచి తెచ్చే పీలికల్లో సగానికి సగం సింథటిక్కే ఉంటుంది. ఒక పోగు లాగి కాల్చి చూస్తే తెలిసిపోతుంది: నూలు బూడిద అవుతుంది, సింథటిక్ ఉండ కడుతుంది.

పలచటి రెండు పొరల దుప్పటి గురించి కూడా ఒక మాట. మనది వేడి నేల, బొంతలకు చలికాలం రెండు మూడు నెలలే అనేవారు. ఏసీలు వచ్చాక ఆ లెక్క మారింది. మే నెలలో గది చల్లబరుచుకుని దుప్పటి కప్పుకునే ఇళ్లు ఇప్పుడు బోలెడు. మందపాటి బొంతకు పట్టే పనిలో మూడో వంతు కూడా దీనికి పట్టదు. మేళాలో నిల్వ పెట్టదగిన పెద్ద వస్తువు ఏదైనా ఉందంటే నాకు ఇదొక్కటే తోస్తోంది.

పసిపిల్లల సరుకు దగ్గర జాగ్రత్త. బారసాలకు పొత్తిగుడ్డలు, టోపీ, చిన్న బొంత కలిపి జతగా ఇస్తే కొనేవాళ్లున్నారు. అమెరికాలో ఉన్న కూతురికి పురుడు పోయడానికి వెళ్లే అమ్మలు పెట్టెలో వేసుకుపోయేవి కూడా ఇవే. కానీ ఏడాది లోపు బిడ్డ నిద్రపోయే చోట వదులుగా దుప్పట్లు, బొంతలు, దిండ్లు ఉంచవద్దని అక్కడి పిల్లల వైద్యుల సంఘం గట్టిగా చెబుతుంది. కాబట్టి అలాంటివాళ్లకు అమ్మేటప్పుడు అది కప్పడానికి కాదని, మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి బిడ్డను ఆడించడానికని చెప్పి అమ్మాలి. అద్దాలు, పూసలు, గుండీలు పిల్లల వస్తువుల మీద ఉండకూడదు. ఇక సంఘం నేరుగా అమెరికాకు పిల్లల సరుకు అమ్మాలనుకుంటే, అక్కడ 2008లో వచ్చిన చట్టం ప్రకారం పరీక్షలు, లేబుళ్లు తప్పవు. ఆ ఖర్చు ఒక చిన్న సంఘం మోయలేదు. ఎగుమతి అన్న మాట శిక్షణల్లో ఉత్సాహంగా వాడేవాళ్లు ఈ సంగతీ చెప్పాలి.

ఎంపిక ఎవరి చేతిలో ఉండాలన్నది అసలు తగవు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో నది వంపులో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడా, చుట్టుపక్కలా ఉన్న నల్లజాతి స్త్రీలు 1966లో, పౌరహక్కుల ఉద్యమం నడుమ, ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. పాత పని బట్టలు చింపి, కంటికి తోచినట్టు ముక్కలు అమర్చి బొంతలు కుట్టడం వాళ్లకు తాతల నాటి విద్య. న్యూయార్క్ పెద్ద దుకాణాలు ఆర్డర్లిచ్చాయి, కానీ అన్నీ ఒకే నమూనాలో, ఒకే కొలతలో కావాలన్నాయి. తోచినట్టు కుట్టే చేతులకు అది పడలేదు. 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబుల పని ఇచ్చింది. విసుగు పని, కానీ నికరమైన కూలి. మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఇళ్లకు తీసుకెళ్లి వాళ్లు తమ కోసం తమకిష్టమైనట్టు బొంతలు కుట్టుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2002లో, హ్యూస్టన్‌లోనూ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడలకెక్కినవి ఇళ్లలో తమకోసం కుట్టుకున్న బొంతలే, దిండు గలీబులు కావు. 2006లో వాటి మీద తపాలా బిళ్లలు వేశారు.

దిండు గలీబులు పనికిరానివని చెప్పడం లేదు. ఆ ఇళ్లలో నెల గడిచింది వాటితోనే. నికరమైన కూలి పని ఒక ఖాతా, చేతి విద్య ఇంకో ఖాతా. ఒకదాని కొలతతో ఇంకోదాన్ని కొలిస్తే రెండూ పోతాయి. యూనిఫాం కుట్టిన చేతులతో బొంత కూడా అలాగే, రోజుకు ఇన్ని అని లక్ష్యం పెట్టి కుట్టించబోతారు మనవాళ్లు. అది జరగనీయకండి.

ఇంకో ఉదాహరణకు అంత దూరం పోనక్కర్లేదు. నర్సాపురం లేసు పందొమ్మిదో శతాబ్దిలో మిషనరీల చేతి మీదుగా గోదావరి జిల్లాకు వచ్చింది, విదేశాలకు పోయింది. 1982లో మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ లేసు అల్లేవాళ్ల మీద పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు చేస్తున్న ఆ స్త్రీలను ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదనీ, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగానే చూశారనీ, కాబట్టే కూలి అంత తక్కువనీ ఆమె వాదన. దారం వ్యాపారిది, నమూనా వ్యాపారిది, కొనేవాడెవరో వ్యాపారికే తెలుసు. అల్లే మనిషికి తెలిసింది ముక్కకింత అన్న అంకె ఒక్కటే. ఇవాళ వ్యాపారి స్థానంలో ప్రభుత్వ పథకం ఉంది. నమూనా మీరు పంపి, గుడ్డ మీరు పంపి, అమ్మకం మీరు చూసుకుంటే, సంఘం ఉన్నా లేకపోయినా ఒకటే.

దీనికి భిన్నమైన ఉదాహరణ బీహార్‌లో కనిపిస్తుంది. ముజఫర్‌పూర్ జిల్లా భుసురా పల్లెలో పసిపిల్లలకు పాత చీరలతో సుజనీ కుట్టేవారు, మన బొంత లాంటిదే. 1980ల చివర ఆ పనిని అమ్మకానికి తెచ్చినప్పుడు, ఆడవాళ్లు బొమ్మల్లో తమ బతుకులే చెప్పుకున్నారు. వాళ్లు కట్నం, తాగుడు, ఆడపిల్ల చదువు, ఊళ్లో చూసినవన్నీ కుట్టారు. 2006లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన బొంతకు అలాంటిదేమీ లేదు. పక్కనున్న కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు ఉంది. మన లంబాడీ తండాల్లో అదే వంశం కుట్టు ఉన్నా, అందులోని అద్దాలపని కుర్తా మీద అతికించే ముక్కగానే మిగిలింది. ఇక్కడ ఒక హెచ్చరిక: అద్దాలపని అమ్ముడవుతోంది కదా అని కోస్తా సంఘాలకు దాన్ని శిక్షణగా పెట్టకండి. తండా చేతి విద్యను తండాలోనే కొనండి.

అన్నట్టు, ఏమీ కొత్తగా చేయక్కర్లేనివాళ్లు కూడా ఉన్నారు. ఊళ్లో జాకెట్లు బాగా కుట్టే మనిషికి పెళ్లిళ్ల కాలంలో ఊపిరాడదు. లైనింగు జాకెట్టు కుట్టుకూలితో పోలిస్తే ఏ చిన్న వస్తువూ ఆమెకు గిట్టదు. ఆమెను మేళా కోసం పర్సులు కుట్టమనడం నష్టం. ఆమె దగ్గర మిగిలే ముక్కలు పక్కింటి ఆమెకు చేరేలా చూడండి, అంతే.

చివరగా నా విన్నపాలు. వచ్చే మేళాకు సరుకు జాబితా ఖరారు చేసే ముందు ప్రతి వస్తువు పక్కన గుడ్డ ఖర్చుతో పాటు పట్టిన గంటలు కూడా రాయించండి. ఉపాధి కూలి గిట్టని వస్తువును జాబితా నుంచి కొట్టేయండి, లేదా ధర పెంచండి. కొత్త నమూనా కుట్టి చూసే రోజులకు కూలి ఇవ్వండి, ఇప్పుడు ఆ రోజులన్నీ ఆడవాళ్ల ఖాతాలోనే పోతున్నాయి. ప్రతి మేళాలో, హైదరాబాద్ శిల్పారామంలోని మహిళా శక్తి బజారులో కూడా, సరుకు లేని ఒక బల్ల పెట్టండి: దాని మీద రెండు మూడు మాదిరి బొంతలు, కొలత టేపు, రసీదు పుస్తకం, ఆర్డర్ల పుస్తకం, వెనక బొంతలు కుట్టే ఒక పెద్దామె. చీరలు వాటంతటవే వస్తాయి. మొదట ఒక్కో జిల్లాలో ఒక్క మండల సమాఖ్యతో, ఈ దసరాకే మొదలుపెట్టండి.

ఇట్లు,
కుట్టు స్టాలు వెనక కూర్చునే ఒక మనిషి